"యెస్" అంటే దేనికి యెస్? కాలిఫోర్నియా బ్యాలెట్ మెజర్లు చదివే పద్ధతి

2016 వేసవిలో ఓక్లండ్‌లోని పారమౌంట్ థియేటర్‌లో సిటిజన్‌షిప్ ప్రమాణం చేశాను. ఆ నవంబరులోనే నా మొదటి ఓటు. అధ్యక్షుడిగా ఎవరు కావాలో నాకు ముందే తెలుసు. కానీ ఇంటికొచ్చిన రాష్ట్ర ఓటరు గైడు చూస్తే 224 పేజీలు. ప్రాప్ 51 నుంచి ప్రాప్ 67 వరకు (ప్రాప్ అంటే ప్రపోజిషన్, ఓటుకు పెట్టిన ప్రతిపాదన) రాష్ట్రం మనల్ని అడుగుతున్న ప్రశ్నలే పదిహేడు. వాటి తర్వాత కౌంటీవి, సిటీవి, స్కూల్ డిస్ట్రిక్టువి. ఇలా యెస్ లేదా నో అని జవాబివ్వాల్సిన ప్రశ్నలన్నిటినీ బ్యాలెట్ మెజర్లంటారు.

మన ఊళ్ళో ఓటంటే అభ్యర్థి పేరు, గుర్తు. చట్టాలు చేయడం ఎమ్మెల్యేల పని. 1967లో గోవాలో, 1975లో సిక్కింలో ప్రజల్ని నేరుగా ఒక ప్రశ్న అడిగిన సందర్భాలున్నాయి గానీ, గుంటూరు జిల్లాలో పెరిగిన నాకు అలాంటి బ్యాలెట్ ఎప్పుడూ చేతికి రాలేదు. ఇక్కడ చట్టం చేసే పనిలో కొంత మన చేతిలోనే పెడతారు. కాలిఫోర్నియాలో ఇది 1911 నుంచి ఉంది. అప్పటి గవర్నర్ హైరమ్ జాన్సన్, రైల్వే కంపెనీల పట్టులో చిక్కుకున్న శాసనసభను దాటి ప్రజలే చట్టం చేసుకునే దారి ఉండాలని పట్టుబట్టి తెచ్చారు.

ఆ మొదటి ఓటులో నేను ఒక తప్పు చేశాను. ప్లాస్టిక్ సంచులు వద్దనుకునే మనిషిని నేను. మా అలమేడా కౌంటీలో 2013 నుంచే కిరాణా షాపుల్లో అవి లేవు, రాష్ట్రమంతటా పోవాలని నా కోరిక. ప్రాప్ 67 "రెఫరెండం" అని రాసి ఉంది. రెఫరెండం అంటే శాసనసభ చేసిన చట్టాన్ని ఎత్తెయ్యమని కొందరు సంతకాలు సేకరించి పెట్టించేది అని విన్నాను. అయితే "నో" అంటే ఎత్తెయ్యొద్దు అనే కదా అనుకుని నో గుర్తించాను. కవరు డ్రాప్ బాక్సులో వేసొచ్చిన రెండు రోజులకు గైడు తిరగేస్తుంటే అసలు సంగతి కనబడింది. రెఫరెండంలో యెస్ అంటే చట్టం ఉండాలని, నో అంటే పోవాలని. ఆ సంచుల చట్టం ఎలాగూ నెగ్గి నిలిచింది. కానీ నా ఓటు నేను కోరినదానికి ఎదురుగా పడింది. ఆ బాధ నాకు చాలా రోజులు ఉండిపోయింది.

అప్పటి నుంచి ప్రతి ఎన్నికకూ అక్టోబరు ఆదివారాల్లో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద గైడు పెట్టుకుని కూర్చుంటాం. నేను, మా ఆయన, అత్తయ్య. తెలిసినవాళ్ళు ఒకటి రెండు కుటుంబాలు కూడా వస్తాయి. అక్కడ కుదిరిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక హెచ్చరిక. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు, హెచ్1 మీద ఉన్నవాళ్ళు ఈ ఎన్నికల్లో ఓటు వెయ్యకూడదు, ఓటరుగా నమోదు కూడా కాకూడదు. డీఎంవీలో లైసెన్సు పని మీద వెళ్ళినప్పుడు ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. అక్కడ తొందరపడి సిటిజన్ అని టిక్ పెడితే దేశం నుంచి పంపించేసేదాకా పోవచ్చు. మెజర్లు చదివి అర్థం చేసుకోవడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు. ఇక్కడి స్కూళ్ళు, రోడ్లు, అద్దెలు అందరివీ కదా.

ఇక అసలు విషయానికి వస్తే, మొదటి ప్రశ్న మా అత్తయ్య నేర్పింది. ఆవిడ నరసరావుపేటలో లెక్కల టీచరుగా రిటైరై, ఇక్కడికొచ్చి 2019లో సిటిజన్ అయ్యారు. మొదటిసారి మాతో కూర్చున్నప్పుడు నేను ప్రాప్ 25 గురించి ఏదో గబగబా చెబుతుంటే ఆపి, "అమ్మాయ్, అసలు ఈ కాగితమే రాలేదనుకో, రేపు పొద్దున ఏముంటుంది? ముందు అది చెప్పు" అన్నారు.

ఆ ఒక్క మాటతో సగం చిక్కులు విడిపోతాయి. ఏ మెజర్ అయినా సరే, ఇప్పుడు ఉన్న చట్టం ఏమిటో ముందు ఒక వాక్యంలో రాసుకోండి. ఆ తర్వాత యెస్ నెగ్గితే ఏమవుతుందో ఒక వాక్యం, నో నెగ్గితే ఏమవుతుందో ఒక వాక్యం. మేము పాత నోట్‌బుక్కులో ఒక్కో ప్రాప్‌కి ఈ మూడు లైన్లూ తెలుగులోనే రాస్తాం. తెలుగులో రాయలేకపోతున్నామంటే ఇంకా అర్థం కాలేదని లెక్క. 2020లో ప్రాప్ 25 ఇలా తేలింది. బెయిలుకు డబ్బు కట్టే పద్ధతిని తీసేసి, మనిషి వల్ల ఎంత ప్రమాదముందో చూసి వదలాలా వద్దా అని తేల్చే చట్టాన్ని శాసనసభ 2018లో చేసింది. అది అమలులోకి రాకముందే, రుసుము తీసుకుని బెయిలుకు పూచీ పడే బెయిల్ బాండ్ల వ్యాపారం వాళ్ళు సంతకాలు సేకరించి ఆపించారు. కాబట్టి రేపు పొద్దున ఉండేది పాత పద్ధతే. యెస్ అంటే కొత్త చట్టం అమలులోకి వస్తుంది. నో అంటే డబ్బు బెయిల్ అలాగే కొనసాగుతుంది. ఆ ఏడు నో నెగ్గింది.

గైడులో ఈ మూడు లైన్లకు కావలసినదంతా ఉంటుంది, ఏ వరుసలో చదవాలన్నదే ముఖ్యం. మొదట్లోనే ఒక చిన్న పట్టిక ఉంటుంది, యెస్ అంటే ఏమిటి, నో అంటే ఏమిటి అని. దాంతో మొదలుపెట్టండి. ఆ తర్వాత టైటిల్ మీద ఆగకుండా నేరుగా లెజిస్లేటివ్ అనలిస్ట్ రాసిన భాగానికి వెళ్ళండి. ఆ ఆఫీసు ఏ పార్టీదీ కాదు, 1941 నుంచి శాసనసభకు లెక్కలు చూసి చెబుతోంది. "నేపథ్యం" అన్న శీర్షిక కింద ఇప్పుడున్న చట్టం, "ప్రతిపాదన" కింద వచ్చే మార్పు, చివర ప్రభుత్వ ఖజానా మీద పడే భారం. అత్తయ్య ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఆ నేపథ్యం భాగంలోనే దొరుకుతుంది. నా దృష్టిలో గైడు మొత్తానికీ విలువైన పేజీలు అవే. టైటిలు, సారాంశం మాత్రం అటార్నీ జనరల్ రాస్తారు. ఆయన కూడా ఎన్నికైన రాజకీయ నాయకుడే. వంద మాటల్లోపు చెప్పాలి కాబట్టి ఏ మాట ఎంచుకున్నారన్నది చాలా తేడా తెస్తుంది. 2024లో ప్రాప్ 6 జైల్లో ఉన్నవాళ్ళ చేత బలవంతంగా పని చేయించడం గురించిన ప్రశ్న. గైడులో దానికి వ్యతిరేక వాదన ఒక్కటి కూడా లేదు. బ్యాలెట్ మీద ఉన్నది "ఇన్‌వాలంటరీ సర్విట్యూడ్" అనే కోర్టు మాట. అది ఓడిపోయింది. అదే రోజు పక్కన నెవాడాలో అలాంటి ప్రశ్నే "బానిసత్వం" అనే మాటతో వచ్చి నెగ్గింది. మా టేబుల్ దగ్గర కూడా ఆ కోర్టు మాట అర్థం చెప్పడానికే పావుగంట పట్టింది.

అనుకూల, వ్యతిరేక వాదనలు చివర్లో చదవండి. అవి రాసినవాళ్ళవే, ఎవరూ నిజానిజాలు సరిచూసి వెయ్యరు. నేను వాటిని వాదన కోసం కంటే కింద సంతకాలు పెట్టినవాళ్ళ కోసం చూస్తాను. గైడు వెనక భాగంలో చట్టం పూర్తి పాఠం ఉంటుంది. అందరూ అంతా చదవాలని నేను చెప్పను. కానీ ఒక చోట తప్పకుండా చూడండి: "ఈ చట్టాన్ని మార్చాలంటే" అన్న సెక్షను.

అదెందుకంటే, ప్రజలు ఓటేసి చేసిన చట్టాన్ని శాసనసభ తర్వాత తనంతట తాను మార్చలేదు, ఆ చట్టమే అనుమతి ఇస్తే తప్ప. రాజ్యాంగ సవరణ అయితే మళ్ళీ ప్రజల దగ్గరికే రావాలి. 2020లో ఊబర్, లిఫ్ట్, డోర్‌డాష్ లాంటి కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి నెగ్గించుకున్న ప్రాప్ 22 సంగతి చూడండి. యాప్ మీద కారు నడిపేవాళ్ళు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు అని చెప్పే చట్టం అది. దాన్ని సవరించాలంటే శాసనసభలో ఎనిమిదిలో ఏడు వంతుల మంది ఒప్పుకోవాలని అందులోనే రాసి పెట్టారు. టీవీ ప్రకటనల్లో ఆ మాట నేను వినలేదు. ప్రాప్ 22 మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి, తప్పు జరిగితే దిద్దుకునే తలుపు ఎంత మేరకు తెరిచి ఉందో తెలుసుకుని ఓటెయ్యాలన్నది నా గట్టి అభిప్రాయం. నాకు అనుమానం ఉన్నది రాజ్యాంగ సవరణ అయితే నో వేస్తాను. మామూలు చట్టం అయితే కొంచెం ధైర్యం చేస్తాను.

ఒకే విషయం మీద రెండు మెజర్లు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ప్లాస్టిక్ సంచులకే 2016లో ప్రాప్ 67తో పాటు ప్రాప్ 65 కూడా ఉంది. కాగితం సంచులకు షాపువాళ్ళు తీసుకునే డబ్బు పర్యావరణ నిధికి పోవాలని అది చెప్పేది. వినడానికి ఎంత బాగుంటుంది! దాన్ని పెట్టించింది ప్లాస్టిక్ సంచుల తయారీదార్లే. రెండూ నెగ్గి ఒకదానికొకటి అడ్డొస్తే ఎక్కువ యెస్ ఓట్లు వచ్చినదే చెల్లుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్కలు. ఇక్కడ మా అత్తయ్య పెన్సిల్ అందుకుంటారు.

బాండ్ అంటే అప్పు. రాష్ట్రం అప్పు తెచ్చి స్కూలు భవనాలో నీటి ప్రాజెక్టులో కట్టి, ముప్పై నలభై ఏళ్ళ పాటు వడ్డీతో తీరుస్తుంది. 2024లో ప్రాప్ 2 స్కూళ్ళకు 1,000 కోట్ల డాలర్ల బాండ్. అనలిస్ట్ చెప్పిన లెక్క ఏడాదికి సుమారు 50 కోట్ల చొప్పున 35 ఏళ్ళు. అత్తయ్య గుణించి 1,750 కోట్లు అన్నారు. ఇల్లు లోను తీసుకున్నవాళ్ళకు ఇది కొత్త కాదు, అప్పు చెడ్డదని కూడా కాదు. స్కూలు భవనం యాభై ఏళ్ళు నిలుస్తుంది, దాన్ని వాడుకునే పిల్లలే పెద్దయ్యాక కొంత తీరుస్తారు. మేము అడిగేది ఒక్కటే, కొనే వస్తువు అప్పు తీరేదాకా ఉంటుందా? భవనానికి బాండ్ అంటే ఒప్పుకుంటాం. రెండేళ్ళలో అయిపోయే కార్యక్రమానికి ముప్పై ఏళ్ళ అప్పు అంటే ఒప్పుకోం.

రాష్ట్ర బాండ్లు రాష్ట్ర ఖజానా నుంచి తీరతాయి. లోకల్ బాండ్లు మాత్రం నేరుగా మన ప్రాపర్టీ టాక్స్ బిల్లులోకి వస్తాయి. చాలామంది ఈ తేడా గమనించరు. ఇది అర్థం కావాలంటే 1978 నాటి ప్రాప్ 13 తెలియాలి. ఇంటి మీద మూల పన్ను ఒక శాతానికి మించకూడదని, ఇల్లు చేతులు మారేదాకా పన్ను లెక్కించే విలువ ఏడాదికి 2 శాతం కంటే పెరగకూడదని ఆ సవరణ కట్టడి చేసింది. పక్కింట్లో 1980ల్లో కొనుక్కున్న పెద్దాయన మన పన్నులో మూడో వంతు కూడా కట్టకపోవడానికి కారణం అదే. సిటీలకు, స్కూళ్ళకు పన్ను పెంచుకునే దారి మూసుకుపోయింది కాబట్టి, కావలసినప్పుడల్లా మెజర్ పెట్టి మనల్ని అడుగుతాయి. అందుకే ప్రతి ఎన్నికలో ఇన్ని అక్షరాలు, మెజర్ ఏ, మెజర్ బీ అంటూ.

ఎన్ని ఓట్లకు నెగ్గుతుందన్నది కూడా మెజర్‌ని బట్టి మారుతుంది. స్కూల్ బాండ్లకు 55 శాతం చాలు, 2000లో ప్రాప్ 39 అలా తగ్గించింది. సిటీ బాండ్లకు, స్కూళ్ళ పార్సెల్ టాక్స్‌కి (ఒక్కో ఇంటికి లేదా స్థలానికి ఇంత అని వేసే పన్ను) మూడింట రెండు వంతులు కావాలి. సిటీ తన ఇష్టానికి ఖర్చుపెట్టుకునే సాధారణ పన్నుకు సగానికి పైగా వస్తే చాలు. ఇక్కడ ఒక చిట్కా చెబుతాను. "పోలీసులు, పార్కులు, రోడ్లు వంటి సేవలకు" అని రాసి సిటీ కౌన్సిలే పెట్టినది, సగం ఓట్లతో నెగ్గేదైతే, ఆ డబ్బు వాటికే పెట్టాలన్న కట్టుబాటు చట్టంలో లేనట్టే. వచ్చే సిటీ కౌన్సిల్ వేరేదానికి వాడుకోవచ్చు. మన సిటీ కౌన్సిల్ మీద నమ్మకముంటే అది పెద్ద ఇబ్బంది కాదు, కానీ తెలిసి వెయ్యాలి.

లోకల్ మెజర్ ప్రశ్న 75 మాటల్లో ఉంటుంది. పన్ను అయితే ఎంత, ఏ రేటు, ఎన్నేళ్ళు అన్నవి అందులోనే చెప్పాలని చట్టం. "అంటిల్ ఎండెడ్ బై ఓటర్స్" అన్న ముక్క కనబడితే ఆగండి. దాని అర్థం గడువు లేదని, మళ్ళీ ఎవరైనా మెజర్ పెట్టి రద్దు చేసేదాకా అది ఉంటూనే ఉంటుందని. బాండ్ అయితే కౌంటీ పంపే గైడులో టాక్స్ రేట్ స్టేట్‌మెంట్ అని ఒక పేజీ ఉంటుంది. అక్కడ లక్ష డాలర్ల విలువకు ఎంత పడుతుందో, అసలు వడ్డీ కలిపి మొత్తం ఎంత తీర్చాలో రాస్తారు.

మేము ఫ్రీమాంట్‌లో 2012లో ఏడున్నర లక్షలకు ఇల్లు కొన్నాం. రెండు శాతం చొప్పున పెరిగి పన్ను లెక్కకు ఇప్పుడు తొమ్మిదిన్నర లక్షల దగ్గరుంది. యూనిఫైడ్ స్కూల్ డిస్ట్రిక్టు బాండ్ 55 శాతంతో నెగ్గాలంటే ఆ ఒక్క బాండ్ రేటు లక్షకు 60 డాలర్లు మించకూడదని అంచనా చూపించాలి. గరిష్ఠంగా 60 వేసుకున్నా మాకు ఏడాదికి 570 డాలర్లు, నెలకు 47 చిల్లర. గుర్తుంచుకోండి, జిల్లో లాంటి ఇళ్ళ ధరల వెబ్‌సైటులో చూపించే మార్కెట్ ధరతో గుణించకూడదు. కౌంటీ బిల్లులో ఉన్న అసెస్డ్ విలువతోనే గుణించాలి. మా స్నేహితురాలు మార్కెట్ ధరతో లెక్కేసుకుని ఒక వారం టెన్షన్ పడింది. ఆ బిల్లు కూడా బ్యాలెట్ వచ్చే రోజుల్లోనే, అక్టోబరులోనే వస్తుంది. డిసెంబర్ 10 గడువు కోసం ఫ్రిజ్ మీద అంటించే ముందు దాన్ని టేబుల్ మీద పరచండి. ఇప్పటికే ఏ ఏ బాండ్లకు, ఏ పార్సెల్ టాక్స్‌కి కడుతున్నారో వరుసగా ఉంటాయి. పార్సెల్ టాక్స్ సాధారణంగా చిన్న ఇల్లైనా పెద్ద ఇల్లైనా ఒకటే మొత్తం. చాలా స్కూల్ డిస్ట్రిక్టులు 65 దాటిన ఇంటి యజమానులకు మినహాయింపు ఇస్తాయి, అయితే మనమే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక ప్రకటనలు. 2022లో ప్రాప్ 27 వచ్చినప్పుడు టీవీ పెడితే చాలు, ఇళ్ళు లేనివాళ్ళకు ఇళ్ళు అనే మాటే. నిజానికి అది ఫోన్లో ఆటల మీద పందేలు కాసుకోవడానికి అనుమతించే చట్టం. పందేల కంపెనీలు పెట్టించాయి. చదివినవాళ్ళు ఎక్కువమందే ఉన్నట్టున్నారు, వందలో ఎనభై మందికి పైగా నో వేశారు. ప్రకటన చివర్లో చిన్న అక్షరాల్లో ఎక్కువ డబ్బిచ్చిన ముగ్గురి పేర్లు వెయ్యాలని ఇక్కడి చట్టం. నేను ప్రకటన వదిలేసి ఆ పేర్లు రాసుకుంటాను. ఎవరి డబ్బో తెలిస్తే ఎవరికి లాభమో సగం తెలిసినట్టే. పోస్టులో "ఓటరు మార్గదర్శి" అంటూ వచ్చే రంగురంగుల కార్డుల్లో పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే, అక్కడ వేయించుకోవడానికి డబ్బు కట్టారని అర్థం.

వాట్సాప్‌లో తిరిగే "అన్నిటికీ ఇలా వెయ్యండి" లిస్టుల గురించి కూడా చెప్పాలి. పంపినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పంపుతారు. కానీ ఆ లిస్టు మీ ఇంటి కోసం, మీ పిల్లల స్కూలు కోసం రాసింది కాదు. మా చెల్లెలి వరసమ్మాయి మా కౌంటీలోనే ఉన్న డబ్లిన్ సిటీ నుంచి ఒక లిస్టు పంపింది. అందులో ఉన్న మెజర్ అక్షరాలు మా సిటీ బ్యాలెట్‌లో లేనే లేవు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు తమ దగ్గర పద్ధతి ఏమిటో చూసుకోవాలి. టెక్సస్‌లో పౌరులు సంతకాలు సేకరించి రాష్ట్ర చట్టం పెట్టించే దారి లేదు. శాసనసభ పంపే రాజ్యాంగ సవరణలే వస్తాయి, 2025 నవంబరులో అలాంటివి పదిహేడు వచ్చాయి. ఫ్రిస్కో, ప్లేనో వైపు స్కూల్ బాండ్ మీద "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. 2019 నాటి చట్టం ప్రకారం రేటు పెరగకపోయినా ఆ వాక్యం వెయ్యాల్సిందే, కాబట్టి అసలు రేటు ఎంతో డిస్ట్రిక్టు పేజీలో చూడండి. ఫ్లోరిడాలో రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి. అత్తయ్య ప్రశ్న మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

మా పద్ధతిలో ఒక్కో ప్రాప్‌కి అరగంట పడుతుంది. అన్నీ ఒకే రోజు కూర్చుంటే పదోదానికి బుర్ర పనిచెయ్యదు, ఆదివారానికి మూడో నాలుగో చాలు. చదివినా తేలనిదాన్ని ఖాళీగా వదిలేయొచ్చు. మిగతా ఓట్లన్నీ చెల్లుతాయి. 2024లో నేను ఒకటి అలా వదిలేశాను. రాష్ట్ర గైడు హిందీతో సహా పది భాషల్లో వస్తుంది, అందులో తెలుగు లేదు. ఇంగ్లిష్ కష్టంగా ఉన్న పెద్దవాళ్ళు ఓటు వేసేటప్పుడు ఇద్దరిదాకా సాయం తెచ్చుకోవచ్చు, వాళ్ళ యజమాని గానీ యూనియన్ ప్రతినిధి గానీ కాకపోతే చాలు. మీరు సాయం చేసేవాళ్ళయితే చదివి చెప్పండి, గుర్తు మాత్రం వాళ్ళనే పెట్టనివ్వండి. మా అత్తయ్య రెండిటిలో నాకు ఎదురుగా వేశారు. ఆ రెండిటికీ ఆవిడ లెక్కలు ఆవిడకున్నాయి.

బ్యాలెట్ ఎన్నికకు నాలుగు వారాల ముందు బయల్దేరుతుంది. నింపాక కవరు మీద సంతకం, తేదీ మర్చిపోకండి. పోస్టులో పంపితే ఎన్నిక రోజు నాటికి ముద్ర పడాలి. ఆఖరి రోజైతే పోస్టు డబ్బాలో వేసి నమ్ముకోకుండా డ్రాప్ బాక్సులో వెయ్యడమే మేలు. "వేర్ ఈజ్ మై బ్యాలెట్" అనే రాష్ట్రం సేవలో నమోదైతే కవరు ఎక్కడుందో ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఒకసారి అత్తయ్యకు మెసేజ్ బదులు ఉత్తరం వచ్చింది, సంతకం పాతదానితో కలవలేదని. చెయ్యి వణుకుతోంది కదా, "స" సరిగా తిరగలేదు. ఓటు పోయిందేమోనని ఆవిడ భోజనం కూడా చెయ్యలేదు. ఉత్తరంతో పాటే ఫారం ఉంది. మళ్ళీ సంతకం పెట్టి, ఆ సాయంత్రమే మా ఆయన తీసుకెళ్ళి ఇచ్చొచ్చారు. నాలుగో రోజు ఆవిడ ఫోను మోగింది, ఓటు లెక్కలోకి వచ్చిందని.